బ్యాండు మేళంలో ట్రంపెట్ ఊదేవాడు యూనివర్సిటీలో పాఠం చెప్పగలడా?

కావలి బాకా
ఆదివారం, రాత్రి 11:52

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

నాకు 26 ఏళ్ళు. బీకాం అయింది. పగలు సెల్లు షాపులో కూచుంటా, ముహూర్తాలుంటే బ్యాండులో ట్రంపెట్. మా నాయన యూఫోనియం అనే పెద్ద ఇత్తడి బాకా వాయించేవాడు. పళ్ళు కదిలి మానేశాడు. ఇప్పుడు డ్రస్సులు ఇస్త్రీ చేయించడం, కుర్రోళ్ళని లెక్కబెట్టి వ్యాను ఎక్కించడం ఆయన పని.

మొన్న అల్లూరు పక్కన ఒక పెళ్ళి. ఊరేగింపు అయిపోయి గేటు బయట కూచోని ట్రంపెట్లో నీళ్ళు వొంపుకుంటా ఉండా. పెళ్ళికొడుకు బాబాయంట, అమెరికాలో ఉంటాడంట, పనిగట్టుకుని మా దగ్గరికొచ్చాడు. "నువ్వు వాయించిన మోహన రాగం బాగుందయ్యా, మా దగ్గర ఇది వాయించేవాళ్ళు యూనివర్సిటీల్లో ప్రొఫెసర్లు తెలుసా" అన్నాడు. మావాళ్ళంతా పగలబడి నవ్వారు. నేనూ నవ్వా. మా సైడ్ డ్రమ్ము అయితే ఇంటికి పొయ్యేదాకా నన్ను ప్రొఫెసరు గారూ అనే పిలిచాడు.

నాలుగు రోజులైంది, ఆ మాట బుర్రలో నించి పోవడంలా. ఆయన నిజమే చెప్పాడా, పెళ్ళిలో సంతోషంగా ఉండి ఏదో అన్నాడా? మన దేశంలో అట్టాంటి దారి ఏమన్నా ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి. ఎగతాళి చెయ్యాలనుకుంటే చెయ్యండి, అలవాటే.


సింగరాయకొండ సైడ్‌డ్రమ్ము
ఆదివారం, రాత్రి 11:58

ప్రొఫెసరు గారూ, మాఘమాసం డేట్లు ఉన్నాయా? బయానా ఎంత?


పెన్నాగట్టు (నిర్వాహకుడు)
సోమవారం, ఉదయం 6:10

సైడ్‌డ్రమ్మూ, ఆ అబ్బాయి అడిగిందానికి జవాబుంటే రాయి, లేకపోతే ఊరుకో.


ఆత్మకూరు అబ్బాయి
సోమవారం, ఉదయం 7:35

తమ్ముడూ, ఆయన చెప్పింది నిజమే. నేను ఎంఎస్ చదివింది బ్లూమింగ్టన్‌లో, ఇండియానా యూనివర్సిటీ. కంప్యూటర్లే చదివా గానీ నా రూమ్మేటు ట్రాంబోన్ (జారే గొట్టం ఉండే బాకా) విద్యార్థి. వాడి పుణ్యాన రెండేళ్ళు ఆ లోకమంతా చూశా. అక్కడి సంగీత కళాశాల పేరు జేకబ్స్ స్కూల్.

నీకు ఒక మనిషి సంగతి చెప్పాలి. హార్వీ ఫిలిప్స్. 1929లో మిస్సోరీ రాష్ట్రంలో ఒక చిన్న ఊళ్ళో పుట్టాడు. వాయించింది ట్యూబా, అంటే మన యూఫోనియానికి పెద్దన్న. ఒళ్ళో పెట్టుకుంటే వెనక మనిషి కనపడడు. కుర్రతనంలో ఆయన పని చేసింది యాడనుకున్నావు? సర్కస్ బ్యాండులో. డేరా కింద, ఏనుగులు నడుస్తుంటే, గుర్రాలు తిరుగుతుంటే వాటి అడుగుకి తగ్గట్టు వాయించాలి. మనం బారాత్‌లో గుర్రం బెదిరితే పాట మార్చేస్తామే, అట్టా. అక్కణ్ణించి న్యూయార్క్ పోయి జులియర్డ్ సంగీత కళాశాలలో విలియం బెల్ అనే ట్యూబా గురువు దగ్గర చేరాడు. 1954లో పుట్టిన న్యూయార్క్ బ్రాస్ క్వింటెట్‌లో మొదటి నించీ ఉన్నాడు. రెండు ట్రంపెట్లు, ఒక ఫ్రెంచ్ హారన్, ఒక ట్రాంబోన్, ఒక ట్యూబా, అయిదుగురి మేళం అది. 1971లో ఇండియానాలో ప్రొఫెసరుగా చేరి 1994 దాకా పాఠం చెప్పాడు. అంతకుముందు ఆ కుర్చీలో కూచున్నది గురువు బెల్లే.

1974 డిసెంబరులో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సెంటర్‌లో మంచు మీద స్కేటింగ్ చేసే చోట మూడొందల దాకా ట్యూబాలని ఒకచోట చేర్చి క్రిస్మస్ పాటలు వాయింపించాడు. ఎందుకంటే గురువు పుట్టింది క్రిస్మస్ రోజున. ఇప్పటికీ చాలా ఊళ్ళల్లో ప్రతి ఏడూ జరుగుతుంది. బ్లూమింగ్టన్‌లో నేను కళ్ళారా చూశా. ముసలోళ్ళు, స్కూలు పిల్లలు, పోలీసు బ్యాండు వాళ్ళు, అందరూ ట్యూబాలే. ఆ శబ్దం చెవుల్తో కాదబ్బా, పొట్టతో వినాలి.


ఒంగోలు గిత్త
సోమవారం, ఉదయం 9:20

కథ బాగుంది. ఇది కావలి, బ్లూమింగ్టన్ కాదు. తమ్ముడూ, బీకాం చేశావు, గ్రూప్ పరీక్షలకో బ్యాంకు పరీక్షలకో కూచో. ట్రంపెట్ ఆదివారం వాయించుకో. మన దగ్గర బ్యాండు అంటే సంగీతం కాదయ్యా, చప్పుడు. పెళ్ళి జరుగుతోందని నాలుగు వీధులకి తెలియాలి, అంతే దాని పని. ఉన్న మాట చెప్తున్నా, కోపం తెచ్చుకోకు.


కరవది వాళ్ళబ్బాయి
సోమవారం, ఉదయం 9:44

గిత్త గారూ, మీ ఊరికి కూతవేటు దూరంలో మా కరవది. షేక్ చిన మౌలానా సాహెబ్ గారు 1924లో పుట్టిన ఊరు. ఆయన వాయించిందీ పెళ్ళిలో ఊదే సన్నాయే కదా? శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుడి సన్నిధిలో వాయించి, పద్మశ్రీ అందుకుని, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి అయ్యారు. తంజావూరు బాణీ నేర్చుకోడానికి ఇక్కణ్ణించి అక్కడికి పోయి గురువుల దగ్గర కూచున్న మనిషి. ఇది చప్పుడు, ఇది సంగీతం అని వాయిద్యాన్ని చూసి తేల్చే మాటైతే ఆయన ఊరు దాటేవారే కాదు.


ఒంగోలు గిత్త
సోమవారం, ఉదయం 9:51

నాదస్వరం వేరు. దానికి వందల ఏళ్ళ బాణీ ఉంది, గుడి ఉంది. ట్రంపెట్‌కి ఏముంది ఇక్కడ? స్వరాన్ని ఊపి పలికించే గమకం పలుకుద్దా అందులో? మూడు మీటలు పెట్టుకుని తోడి రాగం వాయించమను చూద్దాం.


మూలాపేట మాస్టారు
సోమవారం, మధ్యాహ్నం 2:15

నేను నెల్లూరులో ముప్ఫై ఏళ్ళకు పైగా వయొలిన్ పాఠాలు చెప్పినవాణ్ణి. రెండు మాటలు.

మొదటిది, వయొలిన్ కూడా మనది కాదు. ముత్తుస్వామి దీక్షితుల వారు మద్రాసు దగ్గర మణలిలో ఉన్న రోజుల్లో, కోటలో ఇంగ్లీషు వాళ్ళ బ్యాండు వాయించే పాటలు విని, ఆ వరసలకే సంస్కృత సాహిత్యం రాశారు. వాటినే నోట్టుస్వరాలు అంటాం. నలభైకి దగ్గరగా ఉన్నాయి, అన్నీ శంకరాభరణంలోనే. సంగీతం క్లాసుకి వెళ్ళిన ప్రతి పిల్లా "శక్తి సహిత గణపతిం" పాడే ఉంటుంది. "సంతతం పాహి మాం" అయితే అచ్చం ఇంగ్లీషు వాళ్ళ జాతీయ గీతం వరసే. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఆ తెల్లవాళ్ళ దగ్గరే వయొలిన్ నేర్చుకుని మన కచేరీలోకి తెచ్చారు. తర్వాత వందేళ్ళు దాటాక ద్వారం వెంకటస్వామి నాయుడు గారు విజయనగరం సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్ అయ్యారు. పరాయి వాయిద్యం పంతులు కుర్చీ దాకా రావడానికి అంతకాలం పట్టింది.

రెండోది ఉద్యోగం మాట. యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే మామూలు దారి ఎంఏ సంగీతం 55 శాతంతో, ఆపైన నెట్ గానీ సెట్ గానీ అనే అర్హత పరీక్ష. నెట్‌లో సంగీతం ఉంది. కానీ అందులో ఉండేవి కర్ణాటకం, హిందుస్తానీ, రవీంద్ర సంగీతం, తాళవాద్యాలు. ట్రంపెట్ పేరు మీద నీకు పేపరు రాదు. అయితే 2018 యూజీసీ నిబంధనల్లో సంగీతానికి ఇంకో తలుపు తెరిచి పెట్టారు. డిగ్రీ ఉండి, పేరున్న గురువు దగ్గర నేర్చుకుని, రేడియోలోనో దూరదర్శన్‌లోనో 'ఏ' గ్రేడు కళాకారుడై ఉండి, తన విద్యని హేతుబద్ధంగా వివరించగలిగి, ఉదాహరణలతో థియరీ చెప్పగలిగిన కళాకారుణ్ణి కూడా తీసుకోవచ్చు. నీకు డిగ్రీ ఉంది. మిగతావి సంపాదించుకోవాలి.


ఒంగోలు గిత్త
సోమవారం, మధ్యాహ్నం 2:40

మాస్టారూ, రేడియోలో 'ఏ' గ్రేడు అంటే ముందు 'బి', 'బి హై' గ్రేడ్లు దాటుకుని పోవాలి. ఏళ్ళ పని. ఆ సంగతి కూడా చెప్పండి కుర్రోడికి.


మూలాపేట మాస్టారు
సోమవారం, మధ్యాహ్నం 2:58

ఏళ్ళ పనే. అందుకే 26లో మొదలుపెట్టమంటున్నా, 46లో కాదు.


పొదిలి ఫిజిక్స్
సోమవారం, సాయంత్రం 6:30

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. సంగీతం రాదు, వింటాను. మాస్టారు చెప్పిన దానికి ఒక చిన్న చేర్పు. వయొలిన్ మన కచేరీలోకి వచ్చి ట్రంపెట్ ఎందుకు రాలేదు? ఆ రోజుల్లో ట్రంపెట్‌కి మీటలే లేవు కాబట్టి.

మీటల్లేని ఇత్తడి గొట్టంలో అన్ని స్వరాలూ పలకవు. పెదవి బిగించే కొద్దీ గొట్టం తనకి ఇష్టమైన మెట్ల మీదకే గెంతుతుంది. స, ప, పై స, గ, ప, ఆపైన ఉండాల్సిన దానికంటే కాస్త తగ్గిన ని, మళ్ళీ స. పోలీసు గ్రౌండులో బ్యూగిల్ వింటారు చూడండి, అది ఆ నాలుగైదు మెట్ల మధ్యే తిరుగుతుంది. రి, మ, ద మధ్య స్థాయిలో అసలు దొరకవు. బాలుస్వామి దీక్షితులు వయొలిన్ పట్టిన కాలానికి బ్యాండులో ఉన్న బాకా అదే. దాంతో ఆయన మాత్రం ఏ రాగం వాయిస్తారు?

మీటల మీద ష్టోల్జెల్, బ్లూమెల్ అనే ఇద్దరు జర్మన్లు పేటెంటు తీసుకున్నది 1818లో. మీట నొక్కితే గాలి దారికి ఇంకో ముక్క గొట్టం కలుస్తుంది, స్వరం కిందికి దిగుతుంది. నడిమి మీట అర స్వరం, మొదటిది ఒక స్వరం, మూడోది ఒకటిన్నర. చాలా తేలికైన లెక్క. కానీ అందులో ఒక తిరకాసు ఉంది.

మామూలు ట్రంపెట్ గొట్టం విప్పి చాపితే దాదాపు 147 సెంటీమీటర్లు. ఒక్కో మీటకి కలిపే ముక్కని ఆ 147కి సరిపోయేట్టు కోస్తారు. రెండు మూడు మీటలు కలిపి నొక్కినప్పుడు అప్పటికే గొట్టం పొడవైపోయింది కదా, దానికి ఇంకొంచెం పెద్ద ముక్క కావాలి. ఉన్న ముక్క చాలదు. కాబట్టి స్వరం కాస్త పైకి పోతుంది. మొదటిదీ మూడోదీ కలిపితే బాగా తెలుస్తుంది, మూడూ కలిపితే ఇంకా. దీన్ని సరిచెయ్యడానికే మూడో మీట గొట్టానికి వేలు దూర్చే ఉంగరం పెడతారు. ఆ స్వరం వచ్చినప్పుడు ఎడమ చేతి వేలితో గొట్టాన్ని బయటికి జరపాలి.


కావలి బాకా
సోమవారం, రాత్రి 10:05

మేడమ్, మీ పోస్టు మూడుసార్లు చదివా.

మోహనలో కింది రి మొదటిదీ మూడోదీ కలిపే నొక్కాలి. అది ఎప్పుడూ పైకే పోద్ది. చిన్నప్పట్నించీ పెదవి వదులు చేసి కిందికి లాగుతా ఉండా. అది నా లోపం అనుకున్నా ఇన్నాళ్ళూ. ఆ ఉంగరం ట్రంపెట్ పట్టుకునేదానికి పెట్టార్లే అనుకుని వేలు దూర్చేవాణ్ణి. దాంతో గొట్టం జరపాలని పన్నెండేళ్ళలో ఒక్కరు చెప్పలా. చెప్పడానికి మా బ్యాండులో ఎవురికీ తెలీదు.

ఇప్పుడే పొయ్యి జరిపి చూశా. రావడంలా. తుప్పు పట్టి బిగుసుకుపోయింది.


సింగరాయకొండ సైడ్‌డ్రమ్ము
సోమవారం, రాత్రి 10:11

నిజంగానే చెప్తున్నా, కిరసనాయిలు గుడ్డ చుట్టి రాత్రంతా వదిలెయ్. పొద్దున వేడి గుడ్డ పెట్టి మెల్లగా తిప్పు. కటింగ్ ప్లేయర్ పెట్టావా, గొట్టం సొట్ట పోద్ది. మా బ్యాండులో ఒకడు అట్టాగే ఒకటి పాడుచేశాడు.


కందుకూరు హవల్దార్
మంగళవారం, ఉదయం 5:20

నేను సైన్యంలో బ్యాండ్స్‌మన్‌గా పని చేసి వచ్చినవాణ్ణి. కార్నెట్, తర్వాత ట్రంపెట్. మనవరాలు టైపు చేస్తోంది.

మధ్యప్రదేశ్‌లో పచ్‌మఢీ అని కొండ ఊరు. 1950 నించి మిలటరీ మ్యూజిక్ వింగ్ అక్కడుంది. సైన్యం బ్యాండు వాళ్ళందరికీ అదే బడి. నేను పోయేటప్పటికి పాట వినగానే వాయించేవాణ్ణి, నోట్స్ చూసి చదవడం రాదు. మొదటి నెల నన్ను పాట వాయించనివ్వలేదు. ఒక్క స్వరం. పొద్దున లేచి ఒక్క స్వరం పట్టుకుని ఊపిరి అయిపోయేదాకా నిలబెట్టడం. అది అయ్యాక కాగితం ముక్క గోడకి ఆనించి గాలి ఊదుతూ కింద పడకుండా నిలపడం. పెళ్ళి బ్యాండు నించి వచ్చినవాళ్ళం ఏడ్చాం. మాకు పెదవి బలం ఉంది, ఊపిరి తెలీదు.

బాబూ, మీ నాయనకి పళ్ళు ఎందుకు కదిలాయో నేను చూడకుండా చెప్తా. పైస్వరం కావాలంటే మౌత్‌పీసుని మూతికేసి గట్టిగా అదిమేవాడు. నాలుగు గంటల ఊరేగింపులో ఊపిరి అయిపోతే మిగిలేది ఆ అదుముడే. నడుస్తూ ఉంటే ఒక్కో గుంటకి ఒక్కో దెబ్బ. నువ్వూ అదే చేస్తుంటావు. అద్దంలో చూసుకో, వాయించిన అరగంట తర్వాత కూడా పెదవి మీద రింగు ఎర్రగా ఉందంటే అదే.


కావలి బాకా
మంగళవారం, ఉదయం 8:02

ఉంది.


ఆత్మకూరు అబ్బాయి
మంగళవారం, ఉదయం 8:30

హవల్దారు గారి మాటకి నా రూమ్మేటు చెప్పే ఒక గురువు మాట తోడు. ఆర్నల్డ్ జేకబ్స్ అని షికాగో సింఫనీలో 1944 నించి 1988 దాకా ట్యూబా వాయించినాయన. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో పాఠం చెప్పేవాడు. మా కళాశాల పేరులో జేకబ్స్ ఈయన కాదు, అది విరాళమిచ్చిన కుటుంబం పేరు, 2005లో పెట్టారు. నేను రెండేళ్ళు ఒకరే అనుకున్నా, నవ్వుకోండి.

ఈ జేకబ్స్‌కి ఊపిరితిత్తులు సరిగా లేవు, ఉబ్బసం. ఉండాల్సినంత గాలి పట్టదు. అంత పెద్ద ట్యూబా, అంత తక్కువ ఊపిరి. దాంతో మనిషి ఊపిరి ఎట్టా పని చేస్తుందో డాక్టర్ల పుస్తకాలు తెచ్చుకుని చదివి, కొలిచే పరికరాలు ఇంట్లో పెట్టుకుని, వచ్చినవాళ్ళకి ఊదించి చూపించేవాడు. ఎక్కడెక్కడి నించో ట్రంపెట్ వాళ్ళు, హారన్ వాళ్ళు, ఆఖరికి సన్నాయి జాతి వాయిద్యాల వాళ్ళు కూడా ఆయన దగ్గరికి పొయ్యేవాళ్ళు. ఇంత తెలుసుకుని ఆయన చెప్పేది ఏందంటే, వాయించేటప్పుడు కండరాల గురించి ఆలోచించొద్దు, బుర్రలో పాట పాడుకో, గాలి వదులు, మిగతాది ఒళ్ళు చూసుకుంటుంది అని.

ఇంకొకాయన మోరిస్ ఆంద్రే, ఫ్రాన్సు. 1933లో పుట్టాడు. కుర్రతనంలో బొగ్గు గనిలో పని. పారిస్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలలో ఫీజు కట్టే స్తోమత లేక, మిలటరీ బ్యాండులో చేరితే ఉచితమని చేరాడు. 1967 నించి 1978 దాకా అదే కన్సర్వేటరీలో ప్రొఫెసరు.


కందుకూరు హవల్దార్
మంగళవారం, ఉదయం 9:15

ఆంద్రే రికార్డులు మా బ్యారక్స్‌లో ఉండేవి. గనిలో పని చేశాడని తెలీదు. మిలటరీ బ్యాండు అంటున్నారు కదా, అది వినండి గిత్త గారూ.


ఒంగోలు గిత్త
మంగళవారం, ఉదయం 9:40

వింటూనే ఉన్నా సార్. నేనడిగిన గమకం మాట ఎవరూ ఎత్తలేదు.


మూలాపేట మాస్టారు
మంగళవారం, ఉదయం 11:30

గమకం కష్టమే. అబద్ధం చెప్పను. కద్రి గోపాల్‌నాథ్ గారు శాక్సోఫోన్ మీద సాధించారు. ఆయన మైసూరు ప్యాలెస్ బ్యాండు విని ఆ వాయిద్యం మీద మనసుపడ్డారు. మీలో కొందరు శాక్సోఫోన్‌ని బ్రాస్ అనుకుంటారు. ఒళ్ళు ఇత్తడిదే గానీ అది రెల్లు ఊదే వాయిద్యం, క్లారినెట్ జాతి. రెల్లుకి ఉన్న వెసులుబాటు ట్రంపెట్‌కి లేదు.

అయినా ట్రంపెట్‌లో రెండు దారులున్నాయి. మీటని సగం నొక్కి వదలడం, పెదవితో వంచడం. తోడి గాంధారం, బేగడ నిషాదం దాంట్లో రాబట్టాలంటే ప్రాణం పోతుంది. మోహన, హంసధ్వని, శంకరాభరణం, కదనకుతూహలం హాయిగా పలుకుతాయి. ట్రాంబోన్‌కి మీటలు లేవు, జారే గొట్టం ఉంది, ఏడు స్థానాలు. నన్నడిగితే మన గమకానికి పుట్టిన ఇత్తడి వాయిద్యం అదే. పట్టుకున్నవాళ్ళు నాకు తెలిసి లేరు. వయసులో ఉంటే నేనే పట్టుకునేవాణ్ణి.


కరవది వాళ్ళబ్బాయి
మంగళవారం, మధ్యాహ్నం 1:05

నాకు అసలు అడ్డం గమకం కాదనిపిస్తుంది మాస్టారూ. మర్యాద. సన్నాయి వాళ్ళు తాళి కట్టేటప్పుడు పందిట్లో ఉంటారు. బ్యాండు వాళ్ళు గేటు దగ్గర ఆగిపోవాలి. భోజనం ఆఖరి బంతి తర్వాత, అదీ డేరా వెనక. అన్నం పెట్టి వాయిద్యాన్ని బయట ఉంచే చోట గురువులు ఎట్టా పుడతారు?


కావలి బాకా
మంగళవారం, మధ్యాహ్నం 1:20

అన్నా, ఆ అన్నం కూడా అందరూ పెట్టరు.


పెన్నాగట్టు (నిర్వాహకుడు)
మంగళవారం, మధ్యాహ్నం 3:00

ట్రంపెట్ ధరలు అడిగిన మూడు పోస్టులు "కొనుగోళ్ళు" విభాగానికి మార్చాను. మీరట్ సరుకు, చైనా సరుకు తగువు అక్కడే పెట్టుకోండి.


ఆత్మకూరు అబ్బాయి
మంగళవారం, రాత్రి 9:10

అక్కడ ప్రొఫెసరు రోజు ఎట్టా గడుస్తుందో కూడా చెప్తా, ఊరికే గొప్పలు చెప్పినట్టు ఉండకూడదు. ఒక్కో విద్యార్థికి వారానికి ఒక్క పాఠం, గదిలో ఇద్దరే. వారానికి ఒకసారి తన శిష్యులందర్నీ కూచోబెట్టి ఒకరి ముందు ఒకరితో వాయింపించడం. సెమిస్టరు చివర జ్యూరీ. అంటే ముగ్గురు నలుగురు గురువులు కూచుంటారు, కుర్రోడు వాయిస్తాడు, వాళ్ళు కాగితం మీద రాసుకుంటారు, ఎవరూ నవ్వరు. మధ్యలో తన కచేరీలు తను చేసుకోవాలి, కొత్త పిల్లల్ని వెతికి తెచ్చుకోవాలి.

ఆర్కెస్ట్రా ఉద్యోగానికి పరీక్ష ఇంకా ఘోరం. తెర వెనక వాయించాలి, మనిషి కనపడకూడదు. నా రూమ్మేటు అట్టా ఏడు చోట్ల వాయించాడు, ఏడూ పోయినాయి. మాస్టర్స్ చేశాడు, డాక్టరేటు చేశాడు, రెండు కాలేజీల్లో గంటల లెక్కన చెప్పాడు, కారులోనే సగం బతుకు. ఇప్పుడు ఒక చిన్న యూనివర్సిటీలో పర్మనెంటు అయ్యాడు, నలభై దగ్గర పడ్డాక.


మూలాపేట మాస్టారు
బుధవారం, ఉదయం 10:00

కావలి అబ్బాయీ, నా మాట ఇది. రెండు పడవలు నీకు వద్దు గానీ, రెండు తెడ్లు కావాలి.

ఒకటి, గాత్రం నేర్చుకో. సంగీత పాఠశాలలో సర్టిఫికెట్ నాలుగేళ్ళు, డిప్లొమా రెండేళ్ళు. నోటితో పాడలేనిది ట్రంపెట్‌లో రాదు, ఆ జేకబ్స్ గారు అన్నదీ అదేగా. తర్వాత ఎంఏకి తిరుపతి ఉంది, విశాఖ ఉంది. రెండోది, పాశ్చాత్య పద్ధతి. ట్రినిటీ కాలేజీ లండన్ వాళ్ళ పరీక్షలు ఎనిమిది గ్రేడ్లు, ఆపైన డిప్లొమాలు, మద్రాసులో రాయొచ్చు. నెల్లూరు నించి రైలెక్కితే మూడు గంటలు. రెహమాన్ గారు 2008లో పెట్టిన కన్సర్వేటరీ కూడా అక్కడే. బొంబాయిలో 2006 నించి సింఫనీ ఆర్కెస్ట్రా ఉంది. మన దేశంలో బ్రాస్ పాఠం చెప్పగలిగినవాళ్ళు ఎంత తక్కువో వాళ్ళని అడిగితే తెలుస్తుంది.

మొదట మాత్రం ఒక పని చెయ్. నీ బ్యాండులో చిన్నకుర్రాడు ఎవరన్నా ఉంటే వాడికి ఒక వారం పాఠం చెప్పి చూడు. నీకు పనికొస్తుందో లేదో ఏ యూనివర్సిటీ అక్కర్లేకుండా తేలిపోతుంది.


కావలి బాకా
తర్వాతి బుధవారం, రాత్రి 11:30

ఆలస్యానికి ఏమనుకోబాకండి. మూడు ముహూర్తాలు వరసగా వచ్చినాయి.

ముందు, ఉంగరం. సైడ్‌డ్రమ్మన్న చెప్పినట్టే చేశా. రెండో రోజు కదిలింది. దుమ్మూ తుప్పూ ఎంత వచ్చిందో చెప్తే నమ్మరు. కుట్టుమిషను నూనె రాసి జరిపి రి వాయించా. పెదవి లాగకుండా దానంతట అదే వచ్చి కూచుంది. మా క్లారినెట్ మామ బీడీ తీసి "ఏందిరా, కొత్తది కొన్నావా" అన్నాడు.

తర్వాత, పాఠం. మా మేనత్త మనవడు, పదకొండేళ్ళు, పోయిన నెల నించి తాళాలు వేస్తా ఉండాడు. వాడికి పాత ట్రంపెట్ ఇచ్చి ఊదమన్నా. గాలి తప్ప ఏం రాలా. అట్టా కాదురా ఇట్టా అన్నా. ఇట్టా అంటే ఎట్టా అన్నాడు. మళ్ళీ ఊది చూపించా. నువ్వు ఊదితే వస్తాంది, నేను ఊదితే రావడంలా, తేడా ఏందో చెప్పు అన్నాడు. అరగంట తన్నుకున్నా. పన్నెండేళ్ళుగా చేస్తా ఉండే పని, నోటితో చెప్పడానికి నా దగ్గర ఒక్క మాట లేదు. పెదవి ఎట్టా పెడతానో నాకే తెలీదు. అద్దం ముందు కూచోని ఊది, ఆపి, ఊది, ఆపి చూసుకున్నా. అప్పటికి వాడు క్రికెట్‌కి పోయినాడు.

మాస్టారు రాసిన నిబంధనలో "హేతుబద్ధంగా వివరించగలగాలి" అని ఉంది చూడండి, అది ఎందుకు పెట్టారో ఆ రోజు తెలిసింది.

నాయనకి హవల్దారు గారి పోస్టు చదివి వినిపించా, పళ్ళ సంగతి. ఏం మాట్లాడలా. పొద్దున చూస్తే గోడ దగ్గర నిలబడి కరెంటు బిల్లు ముక్క పెట్టి ఊదతా ఉండాడు.


సింగరాయకొండ సైడ్‌డ్రమ్ము
తర్వాతి బుధవారం, రాత్రి 11:41

పడిందా నిలిచిందా?


కావలి బాకా
తర్వాతి బుధవారం, రాత్రి 11:44

పడింది. నాది కూడా పడింది. నాయనది ఇంకొంచెం ఎక్కువసేపు నిలిచింది.


కందుకూరు హవల్దార్
గురువారం, ఉదయం 5:05

ఆ పిల్లాడికి ట్రంపెట్ ఇవ్వడమే తప్పు. మొదట మౌత్‌పీసు ఒక్కటే ఇవ్వాలి. అంతకుముందు అదీ లేకుండా పెదవులు రెండూ మూసి, నడిమధ్య సందులోంచి గాలి వదలమనాలి, తేనెటీగ చప్పుడు రావాలి. మూల బిగువుగా, నడుమ వదులుగా. బుగ్గలు ఉబ్బకూడదు. ఆ చప్పుడు వచ్చాక మౌత్‌పీసులో అదే చప్పుడు, దాంతోనే స, ప పాడించాలి. ట్రంపెట్ ఆ చప్పుడుని పెద్దది చేసే గొట్టం, అంతే. వాడు అడిగిన తేడా ఇదే. వాడు గొట్టంలోకి గాలి ఊదుతున్నాడు, నువ్వు పెదవిని మోగిస్తున్నావు.

నేను ఇంటి దగ్గర ఆరుగురు పిల్లలకి చెప్తున్నా, డబ్బు తీసుకోను. ఆదివారం ఉదయం ఏడింటికి. కావలి నించి కందుకూరుకి బస్సు ఉంది.


కావలి బాకా
గురువారం, ఉదయం 7:15

వస్తా సార్. ఈ ఆదివారం ముహూర్తం లేదు. ఆ పిల్లోణ్ణి కూడా తెచ్చేదా?


కందుకూరు హవల్దార్
గురువారం, ఉదయం 7:40

తీసుకురా. ట్రంపెట్లు తేవద్దు, మౌత్‌పీసులు రెండు చాలు. కడిగి తీసుకురండి.